పని చేస్తూ పాట వినొచ్చా? ఏ పనికి ఏ చప్పుడు, ఎంతసేపు

ఏడో తరగతి సైన్సు గైడులో "వెన్నెముక లేని జీవులు" అని ఉండాల్సిన చోట "వెన్నెల లేని జీవులు" అని అచ్చయింది. ఆ ప్రూఫు దిద్దింది నేను. ఆ మాటలో ఒక గుడి తప్పు పడితే సరిచేయబోయి, మాట మొత్తం మళ్ళీ కొట్టాను. అప్పుడు నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, పాత సినిమా పాటలు వస్తున్నాయి. ఏ పాటో ఇప్పుడు గుర్తులేదు. పల్లవి తిరిగొచ్చినప్పుడల్లా అందులో వెన్నెల ఉండేదని మాత్రం బాగా గుర్తుంది. మొదటి రెండక్షరాలు ఒకటే కాబట్టి చెయ్యి ఆ దారిన పోయింది. తర్వాత చదివినప్పుడు కూడా కన్ను పట్టుకోలేదు. 2,000 కాపీలకు ఒక ఫారం, అంటే 16 పేజీలు, మళ్ళీ వేశాం. కాగితం ఖర్చు ఒక ఎత్తు, బడులు తెరిచే వారంలో పోయిన రెండు రోజులు ఒక ఎత్తు.

మా ప్రెస్సు విజయవాడలో. పైన డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చడం), ప్రూఫులు, లెక్కల గది. కింద మెషిన్లు, బైండింగు. కింద ఫారాలు మడిచే ఆడవాళ్ళ దగ్గర పొద్దున తొమ్మిదిన్నర నుంచి రేడియో మోగుతూనే ఉండేది. అక్కడ అందరికంటే పాత మనిషి ఒకావిడ ఉంది, నేను అక్కా అంటాను. రేడియో ఆగిన రోజు ఆమె నాతో "పాట లేకపోతే చేతులు బరువెక్కుతాయి మేడం" అంది. ఆ మాటలో అతిశయం లేదు. ఆమె మడత ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకు పోదు, పాట ఉన్నా అంతే.

అదే పాట, అదే భవనం. కింద పనిని ముందుకు తోస్తోంది, పైన నా పనిని చెడగొట్టింది. "పనిచేసే చోట సంగీతం మంచిదా చెడ్డదా" అని అడిగితే జవాబు రాకపోవడానికి కారణం ఇదే. జర్మనీ పరిశోధకులు కొందరు 2011లో, అప్పటిదాకా జరిగిన ఇలాంటి పరీక్షలన్నీ గుదిగుచ్చి లెక్కవేస్తే లాభం, నష్టం ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం మీద సున్నా దగ్గర తేలింది. చదవడం, గుర్తుపెట్టుకోవడం లాంటి వాటికి సంగీతం అడ్డం. మనసు తేలికపడటానికీ ఆటల్లాంటి ఒంటి శ్రమకీ సాయం. అడగాల్సింది పాట మంచిదా కాదా అని కాదు. ఈ పని ఎవరు చేస్తున్నారు, చేతులా, లోపలి గొంతా అని.

లోపలి గొంతు ఖాళీగా ఉందా

మనం పైకి చదవకపోయినా లోపల ఒక గొంతు చదువుతూనే ఉంటుంది. ప్రూఫు చూసేవాళ్ళకు ఇది మరీ బాగా తెలుసు. ఒక్కో అక్షరాన్ని లోపల పలుకుతాం కాబట్టే "కల"కీ "కళ"కీ తేడా పట్టుకుంటాం. ఉత్తరం రాసేవాళ్ళు వాక్యాన్ని ముందు లోపల అనుకుంటారు. బిల్లు నంబరు ఒక కాగితంలో చూసి ఇంకో కాగితంలో ఎక్కించేవాళ్ళు ఆ రెండు క్షణాలు అంకెల్ని లోపల వల్లిస్తూ ఉంటారు. ఈ గొంతు ఒక్కటే. ఒకేసారి రెండు మాటలు పలకలేదు.

1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు ఈ సంగతిని ప్రయోగం పెట్టి చూశారు. ఎదురుగా అక్షరాలు చూపించి వరస గుర్తుపెట్టుకోమన్నారు. పక్కన తెలియని భాషలో ఎవరో చదువుతున్న రికార్డు పెట్టి, దాన్ని పట్టించుకోవద్దని చెప్పారు. పట్టించుకోకపోయినా తప్పులు పెరిగాయి. తర్వాత సలామే, బాడ్లీ ఇలాంటి పరీక్షల్నే ముందుకు తీసుకెళ్ళారు. 1989లో వాళ్ళు తేల్చింది ఏమిటంటే, మాటలున్న పాట ఉత్త వాద్యం కంటే ఎక్కువ అడ్డం. చెవికి రెప్ప లేదు. వద్దనుకున్న మాట కూడా లోపలికి వచ్చి కూర్చుంటుంది.

"నాకిష్టమైన పాటలైతే ఏమీ కాదు" అని చాలామంది అంటారు. నేనూ ఆ సైన్సు గైడు దాకా అదే అనుకున్నాను. 2011లో పెర్హామ్, విజార్డ్ సరిగ్గా ఇదే పరీక్షించారు. కొందరికి నచ్చిన పాటలు, అస్సలు నచ్చని పాటలు, రెండూ వినిపిస్తూ వరస గుర్తుంచుకునే పని ఇచ్చారు. నచ్చినా నచ్చకపోయినా దెబ్బ ఒకటే. ఇష్టం వల్ల మన మూడ్ బాగుంటుంది, పని బాగా సాగుతున్నట్టు అనిపిస్తుంది. అనిపించడం వేరు, సాగడం వేరు. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

చేతుల పనికి: పాట పెట్టండి, రోజంతా కాదు

మడవడం, కుట్టడం, ప్యాకింగు, లేబుళ్ళు అంటించడం, బట్టలు ఇస్త్రీ చేయడం, సరుకు సర్దడం. వీటిలో చేతులకు పని తెలుసు, లోపలి గొంతు ఖాళీ. ఖాళీగా ఉన్న మనసు విసుగుతో అలిసిపోతుంది, ఒళ్ళు అలవకముందే. పాట ఆ ఖాళీని నింపుతుంది. మనవాళ్ళకు ఇది ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుసు. నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు, ఏతం పాటలు, పడవ పాటలు అన్నీ చేతులు, నడుములు కష్టపడే చోట పుట్టినవే. కరణం లెక్కలు రాసుకుంటూ పాడుకునే పాట అని ఒకటి నేనెక్కడా వినలేదు.

అయితే ఇక్కడొక సంగతి గమనించాలి. నాకు తెలిసినంతలో కార్మికుల కోసం సంగీతాన్ని పనిగట్టుకుని తయారుచేసినవాళ్ళు దాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేయలేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా బీబీసీ 1940 జూన్ 23న ఫ్యాక్టరీ కార్మికుల కోసం ఒక సంగీత కార్యక్రమం మొదలుపెట్టింది. అది 1967 దాకా నడిచింది. మొదట్లో ఉదయం అరగంట, మధ్యాహ్నం అరగంట, అంతే. అదీ పని మందగించే వేళలు చూసి. అందులో పాటల ఎంపికకు కట్టుబాట్లు ఉండేవి. మరీ మెల్లగా సాగేవి, నిద్రపుచ్చేవి పనికిరావు. చప్పట్లు కొట్టాల్సిన చోటున్న ఒక అమెరికన్ పాటనైతే పూర్తిగా ఆపేశారు, కార్మికులు చప్పట్లకు బదులు చేతిలో ఉన్న పనిముట్లతో బల్లల్ని బాదుతారని.

అమెరికాలో మ్యూజాక్ అనే కంపెనీ ఇంకో దారి పట్టింది. సైన్యంలో మేజర్ జనరల్‌గా చేసిన జార్జ్ ఓవెన్ స్క్వైర్ తీగల మీద సంగీతం పంపే పద్ధతి కనిపెట్టి, 1934లో ఆ వ్యాపారానికి ఈ పేరు పెట్టాడు. కోడాక్ అనే పేరు ఆయనకు నచ్చిందట, మ్యూజిక్‌కి దాని తోక తగిలించాడు. తర్వాతి కాలంలో వాళ్ళు పాటల్ని 15 నిమిషాల కట్టలుగా కట్టారు. ఒక్కో కట్టలో మెల్లని పాటతో మొదలై హుషారైన దాంతో ముగుస్తుంది. ఆ తర్వాత 15 నిమిషాలు ఏమీ ఉండదు. ఆ కంపెనీ చెప్పుకున్న లాభాలన్నీ నేను నమ్మను, అమ్ముకునేవాళ్ళ లెక్కలు అవి. కానీ సంగీతం అమ్ముకుని బతికే కంపెనీ కూడా సగం సమయం నిశ్శబ్దాన్నే అమ్మిందంటే, ఆ సంగతికి విలువివ్వాలి. ఆగి మళ్ళీ మొదలైన పాటనే చెవి గుర్తిస్తుంది. ఆగకుండా మోగే పాట గంటలో గోడ అయిపోతుంది.

మా బైండింగులో ఇది అమలుచేసి చూశాం. మొదట అక్క ఒప్పుకోలేదు. పదకొండు నుంచి పదకొండున్నర, మళ్ళీ మూడు నుంచి నాలుగు, పెద్ద ఆర్డరు ఉంటే సాయంత్రం ఇంకో అరగంట. మధ్యలో వాళ్ళ కబుర్లు వాళ్ళవి. రెండు వారాలకు అక్కే వచ్చి మూడింటి పాట ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కళ్ళు మూతలు పడే వేళ అది. పాట అక్కడ టీ లాగా పనిచేస్తోంది.

చేతుల పనికి రేడియో మంచిదా, పెన్‌డ్రైవులో పెట్టుకున్న పాటలు మంచివా? నేను రేడియో వైపే మొగ్గుతాను. తర్వాత ఏం వస్తుందో తెలియదు, మధ్యలో మనిషి గొంతు పలకరిస్తుంది, టైము చెబుతుంది. వివిధ భారతి 1957 అక్టోబరు 3న మొదలైన దగ్గర్నుంచి దర్జీ కొట్టుల్లో, మగ్గాల పక్కన, మంగలి షాపుల్లో దాన్ని జనం అందుకే ఉంచుకున్నారు. ప్రైవేటు ఎఫ్ఎంలో ప్రకటనల మోత ఎక్కువ, ఒకే ప్రకటన పదిసార్లు విన్నాక చిరాకు మొదలవుతుంది. పెన్‌డ్రైవైతే కనీసం నాలుగైదు గంటల పాటలుండాలి. అరవై పాటలు వారమంతా తిరిగితే అవి శిక్ష.

మాటల పనికి: ఐదు దారులు

రాయడం, చదవడం, దిద్దడం, అనువాదం, ఈమెయిళ్ళు, ఫైలు నోటింగులు. ఈ పనులవాళ్ళ కోసమే ఇదంతా రాయాలనిపించింది. వీళ్ళే ఇయర్‌ఫోన్లు ఎక్కువగా పెట్టుకుంటున్నారు, వీళ్ళకే ఎక్కువ నష్టం.

మాటలున్న తెలుగు పాట. తెలుగు చదివే పనికి ఇది అన్నిటికంటే చెడ్డ ఎంపిక, ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. అమ్మభాషలో మాట చెవిన పడగానే అర్థం దానంతటదే తెరుచుకుంటుంది, మనం ఆపలేం. పైగా మన సినిమా పాటలు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చినవి. గాయకుడు ఆగినా లోపలి గొంతు తర్వాతి పాదం అందుకుంటుంది. ఏమంత కాదనుకుంటే ఒక పరీక్ష చేసి చూడండి. బాగా తెలిసిన పాట పెట్టుకుని, కొత్త వ్యాసం ఒక పేజీ చదివి, పక్కన పెట్టి, అందులో ఏముందో నాలుగు వాక్యాల్లో రాయండి. మరునాడు పాట లేకుండా ఇంకో పేజీ.

తెలియని భాష పాట. కొరియన్ పాటలో, స్పానిష్ పాటలో అర్థం మనల్ని లాగదు కాబట్టి చదివి అర్థం చేసుకునే పనికి తెలుగు పాట కంటే నయం. ఊరికే గొంతు వినిపించినా వరసలు, అంకెలు గుర్తుంచుకోవడం చెడుతుందని పైన చెప్పిన ప్రయోగాలే చూపించాయి కాబట్టి, పూర్తిగా హానిలేనిదని చెప్పలేను. ఇక తమిళం, హిందీ, కన్నడం మనలో చాలామందికి సగం తెలిసిన భాషలు. సగం తెలిసిన భాష మరీ ఇబ్బంది, తెలిసిన మాటొకటి తగలగానే మనసు మిగతా వాక్యాన్ని వెతుక్కుంటూ పోతుంది. నాకు తమిళంతో ప్రతిసారీ ఇదే జరిగింది.

వాద్యం. వీణ, వేణువు, వయొలిన్, సంతూర్, పియానో. మాటలు లేవు కాబట్టి క్షేమమని అందరూ చెబుతారు. నిజమే, ఒక మినహాయింపుతో. మన కర్ణాటక సంగీతంలో వాద్యం కూడా పాటనే పలుకుతుంది. సాహిత్యం తెలిసినవాళ్ళకు వయొలిన్ మీద త్యాగరాజ కీర్తన వస్తుంటే ఎత్తుగడ దగ్గర నుంచి మాటలన్నీ లోపల నడుస్తూనే ఉంటాయి. మా లెక్కల గదిలో చేసే అమ్మాయి పదేళ్ళు సంగీతం నేర్చుకుంది. ఆమెకు వేణువు కీర్తనలు నాకు ఘంటసాల పాటలెంత అడ్డమో అంత అడ్డం. సినిమా పాటల్ని వీణ మీద వాయించిన రికార్డులదీ ఇదే గొడవ. వాద్యం కావాలనుకుంటే ఆలాపనలు వెతుక్కోండి, తాళం ఉండదు, సాహిత్యం ఉండదు, రాగం తీరిగ్గా విప్పుకుంటూ పోతుంది. లేదా మీకు బొత్తిగా పరిచయంలేని సంప్రదాయం నుంచి ఏదైనా. ఉన్నట్టుండి గొంతు పెంచే డ్రమ్ములూ, మృదంగం ఒంటరిగా మోగే తనియావర్తనాలూ వద్దు. చెవిని లాగేది మార్పు. మెల్లగా మారే ధ్వని తక్కువ లాగుతుంది.

వాన చప్పుడు, ఫ్యాను హోరు. ఇది సంగీతం కాదు గానీ ఈ పోలికలో దీన్ని వదిలేస్తే అన్యాయం. ఆఫీసులో అసలు శత్రువు శబ్దం కాదు, పక్క బల్ల దగ్గర ఫోన్లో మాట్లాడే మనిషి. అతని మాటలు సగమే వినిపిస్తాయి, రెండో సగం మన మనసు ఊహిస్తూ కూర్చుంటుంది. వాన హోరు ఆ మాటల అంచుల్ని అరగదీస్తుంది, మాట మాటగా తెలియకుండా పోతుంది. తనకంటూ చెప్పేది ఏమీ ఉండదు. గంటసేపు ఒకేలా సాగే వాన రికార్డు తీసుకోండి, ఉరుములున్నది వద్దు. నా రోజులో ఎక్కువ భాగం ఇప్పుడు ఇదే. పైన పాత సీలింగు ఫ్యాను ఐదు మీద తిరుగుతుంటే అది కూడా అక్కర్లేదు.

నిశ్శబ్దం. దొరికితే దీన్ని మించింది లేదు. దొరకదు. మధ్యలో గోడలు లేని ఓపెన్ ప్లాన్ ఆఫీసులో నిశ్శబ్దమంటే నలుగురి ఫోన్లు, ప్రింటరు, లిఫ్టు గంట. కాబట్టి మీరు పోల్చుకోవాల్సింది "పాటా, నిశ్శబ్దమా" అని కాదు, "పాటా, పక్కవాళ్ళ మాటలా" అని. అలా పోలిస్తే వాద్యం చాలాసార్లు గెలుస్తుంది. పొద్దున ఎనిమిదింటికి వచ్చి, ఎవరూ రాకముందు గంటన్నర కష్టమైన ప్రూఫులు చూసుకోవడం నాకు పనికొచ్చిన మార్గం. అందరికీ కుదరదని తెలుసు.

ఆరో దారి ఒకటుంది, పని మొదలుపెట్టే ముందు వినడం. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మోట్సార్ట్ వినిపించి పరీక్ష పెడితే, ఆకారాల్ని మనసులో మడిచి విప్పే ప్రశ్నలు వాళ్ళు మెరుగ్గా చేశారు. దాన్ని పట్టుకుని మోట్సార్ట్ వింటే తెలివి పెరుగుతుందని ప్రపంచమంతా సీడీలు అమ్మారు. అసలు ఫలితం పది, పదిహేను నిమిషాల్లోనే అరిగిపోయింది. 2001లో థాంప్సన్ బృందం మళ్ళీ చూస్తే, హుషారైన సంగీతం ఉత్సాహాన్నీ మూడ్‌నీ పెంచడమే ఆ మెరుగుకు కారణమని తేలింది. అంటే మీకు హుషారునిచ్చే ఏ పాటైనా చాలు. చాలామంది గమనించని సంగతి, ఆ విద్యార్థులు సంగీతం ముందు విన్నారు, పరీక్ష తర్వాత రాశారు. రెండూ ఒకేసారి చేయలేదు. నేను ఇప్పుడు బస్సు దిగి ప్రెస్సు దాకా నడిచే పది నిమిషాల్లో నా పాత పాటలన్నీ వింటాను. మెట్లెక్కేటప్పుడు తీసేస్తాను. పాట వదులుకోలేదు, చోటు మార్చాను.

లెక్కలు

అంకెలు ఎక్కించే పనికి, బిల్లులు సరిచూసే పనికి, ఖాతా నంబర్లు కొట్టే పనికి గొంతున్న ఏ ధ్వనీ వద్దు, ఏ భాషైనా సరే. అంకెల వరసను క్షణంపాటు లోపల పట్టుకోవడమే ఈ పని, దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. ఇందులో బేరం లేదు. జీఎస్టీ నంబరులో ఒక అంకె అటూ ఇటూ అయితే తర్వాత తిరగాల్సిన తిరుగుడు చేసినవాళ్ళకు తెలుసు.

డిజైను, కొత్త ఆలోచనలు

కవరు పేజీలు వేసే కుర్రాడు మా దగ్గర పాట లేకుండా కూర్చోడు. అతన్ని చూసి సంగీతం సృజనకు మంచిదని మేమంతా నమ్మేవాళ్ళం. ఇక్కడ పరిశోధన రెండు వైపులా లాగుతుంది. రవి మెహతా, ఆయన సహచరులు 2012లో 50, 70, 85 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) దగ్గర రద్దీ హోటల్ లాంటి సందడి వినిపించి చూశారు. కొత్త ఉపాయాలు ఆలోచించే పనిలో 70 దగ్గర ఫలితం బాగుంది, 85కి పడిపోయింది. అంటే టీ కొట్టు దగ్గర ఐడియాలు వస్తాయనే మాటలో కొంత నిజముంది. 2019లో త్రెడ్‌గోల్డ్ బృందం మూడు మాటలకు కుదిరే నాలుగో మాట కనిపెట్టే పని ఇచ్చింది. తెలియని భాష పాట, ఉత్త వాద్యం, తెలిసిన పాట మూడూ పనిని చెడగొట్టాయి. లైబ్రరీలో ఉండే మామూలు అలికిడి ఏమీ చేయలేదు.

ఈ రెండూ పొసగవని నాకనిపించదు. రెండో పరీక్షలో పని మాటలతో. లోపలి గొంతు కావాలి, పాట దాన్ని ఆక్రమించింది. మా కుర్రాడు రంగులు కలుపుతాడు, బొమ్మ జరుపుతాడు, అక్షరం సైజు మారుస్తాడు. అది కంటితో, చేత్తో చేసే పని, పాట అతనికి సరే. కానీ పుస్తకానికి పేరు ఆలోచించమన్నప్పుడు, వెనక అట్ట మీద నాలుగు వాక్యాలు రాయమన్నప్పుడు అతన్ని హెడ్‌ఫోన్లు తీసేయమంటాను. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు చేసే మా తమ్ముడూ ఇదే చెబుతాడు. తెలిసిన కోడు కొట్టేటప్పుడు పాటలుంటాయి, బగ్ వెతికేటప్పుడు చెయ్యి దానంతటదే ఆపేస్తుందక్కా అన్నాడు. ఒకే ఉద్యోగంలో రెండు రకాల పనులుంటాయి. మొత్తం ఉద్యోగానికి ఒక్క నియమం పెట్టుకోవద్దు.

స్పీకరా, ఇయర్‌ఫోనా

ఎవరి పాట వాళ్ళు ఎంచుకోవడం, ఎప్పుడు ఆపాలో వాళ్ళే తేల్చుకోవడం, పాట ఏదన్న దానికంటే ముఖ్యం. కెనడాలో తెరెసా లెసియుక్ నాలుగు కంపెనీల్లోని 56 మంది సాఫ్ట్‌వేరువాళ్ళను ఐదు వారాలు గమనించి 2005లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళకిష్టమైనది, ఇష్టమైనప్పుడు విననిచ్చారు. మధ్యలో సంగీతం తీసేసిన వారం పని నాణ్యత తగ్గింది, ఎక్కువ సమయం పట్టింది. అంతకుముందు 1995లో ఓల్డ్‌హామ్ బృందం అమెరికాలో ఒక కంపెనీలో 256 మంది ఉద్యోగుల్లో 75 మందికి నాలుగు వారాలు సొంత స్టీరియోలు పెట్టుకోనిచ్చింది. తేలికైన, ఒకే తీరు పనులు చేసేవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. మా కింద అంతస్తు, పై అంతస్తు తేడా అక్కడా కనిపిస్తుంది.

మనుషుల తత్వాల్లోనూ తేడా ఉంది. 1997లో ఫర్న్‌హామ్, బ్రాడ్లీ చేసిన చిన్న ప్రయోగంలో పాప్ సంగీతం మోగుతుంటే నలుగురిలో కలుపుగోలుగా ఉండేవాళ్ళ కంటే తమలో తాముండేవాళ్ళు ఎక్కువ దెబ్బతిన్నారు. ఇలాంటి మనిషి స్పీకరు వద్దని నోరు తెరిచి చెప్పరు. భరిస్తారు. అందుకే మాటల పని జరిగే గదిలో స్పీకరు పెట్టడాన్ని నేను ఒప్పుకోను, నలుగురిలో ముగ్గురు కావాలన్నా సరే. కావలసినవాళ్ళకు ఇయర్‌ఫోన్లున్నాయి. వద్దనుకున్నవాళ్ళకు పారిపోయే దారి లేదు.

ఇక కొనేటప్పుడు. శబ్దాన్ని రద్దుచేసే హెడ్‌ఫోన్లు, ఏఎన్‌సీ అంటారే, ఏసీ గుయ్యి, జనరేటరు, బస్సు ఇంజను లాంటి ఒకేతీరు మోతల్ని బాగా తగ్గిస్తాయి. మనిషి గొంతును అంతగా తగ్గించలేవు. పక్కవాళ్ళ మాటల కోసం వేలు పోసి కొంటే కొంత నిరాశ తప్పదు. వాటిలో సన్నగా వాన చప్పుడు కలిపితేనే మాటలు మునిగిపోతాయి. ఎవరైనా పిలిస్తే పలకాల్సిన ఉద్యోగమైతే చెవి మూయని రకం కొనండి, లేదా ఒక చెవికే పెట్టుకోండి.

వాల్యూము విషయంలో దయచేసి అశ్రద్ధ చేయకండి. పెద్దవాళ్ళకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పనివారమంతా వినేవాళ్ళకు ఆ 40 గంటలు ఆఫీసులోనే అయిపోతాయి. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే దాని శక్తి రెట్టింపు, అందుకని వినదగ్గ సమయం సగానికి పడిపోతుంది. ఫోనులో 60 శాతం దాటించకండి. మా మెషిన్‌మేన్ ఒకాయన ముప్పై ఏళ్ళు ప్రింటింగు మెషిన్ల మధ్య గడిపాడు. ఇప్పుడు మనవరాలు చెవిలో చెప్పే రహస్యం ఆయనకు వినిపించదు. ఆయనకు తప్పించుకునే వీలు లేకపోయింది, మనం డబ్బుపెట్టి కొనుక్కుని చేసుకుంటున్నాం.

స్పీకరు పెట్టే షాపులు, హోటళ్ళవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఫోనులో నెలకింత కట్టి వినే పాటల యాప్ సొంతానికి వినడానికే. వచ్చేపోయే జనం ముందు రికార్డు పాటలు వేయాలంటే హక్కుదార్ల అనుమతి కావాలి. ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ లాంటి సంస్థలు ఆ లైసెన్సులు ఇస్తాయి. మన చట్టంలో రికార్డింగుకు హక్కు 60 ఏళ్ళు కాబట్టి పాత పాటలేగా అని అన్నీ వేసేయడానికి లేదు.

షాపు సంగతి వచ్చింది కాబట్టి అక్కడ నిలబడే అమ్మాయిల గురించి ఒక్క మాట. చీరల కొట్లో పాట కొనేవాళ్ళ కోసం వేస్తారు. వాళ్ళు అరగంట ఉండి వెళ్ళిపోతారు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి అదే వరసను పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా వింటుంది. పండగ సీజన్లో ఒకే భక్తిపాట నెలంతా. పాటల పట్టీ తయారుచేసేది యజమాని అయినా, రోజుకు కొన్ని గంటల పాటలు ఆ అమ్మాయిల్నే ఎంచుకోనివ్వాలి. మధ్యాహ్నం బేరాలు లేని గంట పూర్తిగా ఆపేయాలి.

మీకు ఏది నప్పుతుందో ఎలా తేల్చుకోవాలి

మీ అనుభూతిని నమ్మొద్దు, తప్పులు లెక్కపెట్టండి. మీ తప్పుల్ని మీరు కాక వేరేవాళ్ళు లెక్కపెట్టాలి. మేం చేసింది ఇది. నాలుగు వారాలు తీసుకున్నాం. ఒక వారం పాటలతో, ఒక వారం ఆలాపనలతో, ఒక వారం వానతో, ఒక వారం ఏమీ లేకుండా. ఒకే పుస్తకం ఫారాలు, ఒకే డీటీపీ. నేను చూసిన ప్రూఫును రెండో మనిషి చూసి, నా కన్ను దాటిపోయినవి ఎన్నో ఒక నోటుబుక్కులో గీతలు పెట్టేది. ఏ వారం ఏం విన్నానో ఆమెకు చెప్పలేదు. పాటల వారంలో నాకు పని తేలిగ్గా, త్వరగా సాగినట్టు అనిపించింది. ఆ వారం పేజీలోనే గీతలు ఎక్కువ. వాన వారం, ఏమీ లేని వారం దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఆలాపన వాటి వెనకే. మీ పట్టీ వేరుగా రావచ్చు, మీ పని వేరు కాబట్టి.

ఇప్పుడు మా దగ్గర పైన స్పీకరు లేదు. కింద రేడియో ఉంది, కటింగు మెషిన్‌కు దూరంగా, బైండింగు గోడకు. కటింగు దగ్గర నిలబడే మనిషికి ఇయర్‌ఫోన్లు ఒక చెవికి కూడా లేవు. రెండు అంగుళాల మందం కాగితాన్ని ఒక్క దెబ్బకు తెంపే కత్తి అది, "ఆగు" అనే కేక అతనికి వినిపించి తీరాలి. రేడియో స్విచ్చు అక్క చేతిలో ఉంది. మెషిన్ మొదలైనప్పుడు తనే ఆపుతుంది, మూడింటికి తనే పెడుతుంది.